మొప్ప కింద నీలం

గాలి లేచి సరస్సు ఒళ్ళంతా గగుర్పొడిచిన పూట, బయూమీ తన పడవలో నిటారుగా నిలబడి, రెండు చేతులూ నోటి దగ్గర దొప్పలా పట్టి ఏదో అరిచాడు. అతను నిజానికి ఏమరిచాడో ఒడ్డు చేరాక తేలుతుంది. చలికి తలపాగాని చెవుల మీదుగా రెండు చుట్లు దించుకున్న మిస్బాహ్‌కి మాత్రం వినపడింది ఇది: "వేలం వేళ! వేలం వేళ!"

మిస్బాహ్ గుండె గుభేలుమంది. వల సగం నీళ్ళలో ఉంది, సగం పడవలో ఉంది, తను ఎక్కడున్నాడో తనకే తెలియకుండా ఉంది.

"అతియాత్! తెడ్డెయ్యి, తెడ్డెయ్యి! హాజ్జా వచ్చేసిందట. వేలం మొదలెట్టేస్తోందట!"

తెడ్ల దగ్గర కూర్చున్న అతని భార్య అతియాత్ తలెత్తి ముందు సూర్యుణ్ణి చూసింది, తర్వాత మొగుణ్ణి చూసింది. ఇద్దరిలో సూర్యుడే నమ్మదగ్గవాడిలా కనపడ్డాడు.

"మధ్యాహ్నం అజాన్ ఇంకా కాలేదు. ఇప్పుడు వేలమేంటి?"

"బయూమీ గొంతు చించుకుంటున్నాడు, వినపడట్లేదా?"

"నాకు గాలి వినపడుతోంది."

"గాలి కాదే, గోల! అటు చూడు, చేతులు కూడా ఊపుతున్నాడు."

బయూమీ చేతులు ఊపుతున్న మాట నిజమే. ఒక చేతిలో చేప కూడా ఉంది. చేపని జెండాలా ఊపేవాడు వేలం గురించి కాక పెళ్ళి గురించి చెబుతాడా? మిస్బాహ్ వల లాగుతూనే తన గొంతు విప్పాడు. ఆ గొంతుతో అతను గుసగుసలాడినా అవతలి గట్టు మీద గాడిదలు చెవులు రిక్కిస్తాయి. "వేలం వే...ళ!" అన్న కేక ఆ పడవ అందుకుంది, ఆ పడవ నుంచి ఈ పడవ అందుకుంది. చూస్తుండగానే సరస్సు మీదున్న పడవలన్నీ ముక్కులు తిప్పుకుని షక్షూక్ రేవు వైపు పరుగు తీశాయి. ఒక్క బయూమీ పడవ మాత్రం ఉన్నచోటే ఉండి, ఇంకా ఊపుతోంది.

మిస్బాహ్‌కి అంత తొందర ఎందుకంటే, భయం. కిందటి వేలంలో చేపల వ్యాపారి హాజ్జా నఈమా ఒక బూరీ చేప మొప్ప ఎత్తింది. ఆవిడ ఎప్పుడూ అంతే, చేప మొహం చూడదు, కళ్ళు చూడదు, మొప్ప ఎత్తి ఎరుపు చూస్తుంది. ఆ రోజు ఎరుపు బదులు, చిక్కుడు గింజంత ఒళ్ళేసుకుని, కాళ్ళన్నీ మొప్పలోకి దించుకుని, ఇల్లు తనదే అన్నట్టు కూర్చున్న పేను కనపడింది. దాని పక్కనే దాని మొగుడు కూడా ఉన్నాడు. హాజ్జా చేపని పెట్టెలోకి విసిరి, చెయ్యి ఒంటి మీది పొడుగు గల్లాబియాకి కాదు, గోడకి తుడుచుకుంది. "ఇకనుంచి నా బండి నాకు తోచినప్పుడొస్తుంది. ఉన్నవాళ్ళ దగ్గర చూస్తాను. పేలుంటే అసలు రావడమే మానేస్తాను. కైరోలో నా చేప కొన్న ఇల్లాలు మొప్ప తెరిచి కెవ్వుమంటే, తిట్లు తినేది నేనా, మీరా?" అంది.

మెప్పు కోసం మొప్ప ఎత్తితే ముప్పు బయటపడిందన్నమాట.

కారూన్ సరస్సుకి ఈ పేలు పట్టి చాలా కాలమైంది. బూరీకి పట్టాయి, బల్తీకి పట్టాయి, చివరికి మూసా చేపకి కూడా పట్టాయి. మూసా ప్రవక్త కర్ర దెబ్బకి సముద్రంతో పాటు నిలువునా చీలిన చేపంటారు దాన్ని, అందుకే ఒకవైపే కండ ఉంటుంది. ఆ మిగిలిన సగంలో సగం పేను పాలైంది. చేప ఊపిరి తీసుకునే చోటే కాపురం పెట్టి, దాని నెత్తురు తాగి, దానికి ఊపిరాడకుండా చేసే పేను ఇది. వలలోకి వచ్చే చేపలు తల పెద్దవీ ఒళ్ళు సన్నవీ అయిపోయాయి. ఒకప్పుడు తాళ్ళు పేనిన చేతులే, ఇప్పుడు పేను తీసే చేతులయ్యాయి.

ఇవి ఎక్కడి నుంచి వచ్చాయో మిస్బాహ్‌కి తెలుసు. నిజానికి అందరికీ తెలుసు, కానీ అరిచింది అతనొక్కడే. సముద్రం నుంచి బూరీ పిల్లల్ని లారీ ట్యాంకుల్లో నింపి తెచ్చి సరస్సులో పోసేవారు. ఆ పిల్లల మొప్పల్లో ఈ పేల పిల్లలు వచ్చాయి. లారీ గుమ్మరించింది బతుకుతెరువనుకున్నారు, బతుకు తెరిచి చూస్తే పేను. మిస్బాహ్ ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఈ బల్ల ఆ బల్ల దగ్గరికి పంపింది, ఆ బల్ల టీ తాగడానికి వెళ్ళింది. చిట్టచివరికి రేవు గోడ మీద ఒక కాగితం అతికించి పోయారు: "పరాన్నజీవులను యాంత్రికంగా తొలగించవలెను."

"యంత్రం ఎప్పుడొస్తుందట?" అనడిగాడు బయూమీ. మిస్బాహ్ చెల్లెలి మొగుడు అతను, ఏది విన్నా ముందు సంతోషించే రకం.

"యంత్రం రాదన్నయ్యా. చేత్తో పీకమని దానర్థం," అంది అతియాత్, చదివి.

"ఆ ముక్క అలాగే రాయొచ్చుగా?"

"అలా రాస్తే ఆఫీసెందుకు?"

అప్పటినుంచీ ప్రతి పడవలోనూ పీకుడే. అతియాత్ తన కనుబొమ్మలకి వాడే చిన్న పట్టకారు పడవలోకి తెచ్చింది. మొప్ప ఎత్తడం, పట్టడం, లాగడం, 'బిస్మిల్లా' అని నీళ్ళలోకి వదలడం. వదలక చంపుదామంటే కుదరదు. ఈ రేవు మనుషులు తినని ప్రాణిని పడవలో చంపరు. పీతైనా, పామైనా, తాబేలైనా, తినేది కాకపోతే దేవుడి పేరు చెప్పి సరస్సుకే ఇచ్చేస్తారు. పడవ చెక్క మీద వృథాగా నెత్తురు పడితే ఆ పడవకి చేప మొహం చూపించదని మిస్బాహ్ తండ్రి అనేవాడు, అతని తండ్రీ అనేవాడు. పైగా చేప మీంచి పీకేశాక పేను ఎంతసేపు బతుకుతుంది? తిండి లేక అదే పోతుంది. ఇది అందరి నమ్మకం.

అయినా పీకేకొద్దీ పేలే. మిస్బాహ్ పొగాకు నీళ్ళు పోశాడు, నిమ్మకాయ పిండాడు, మసీదు ఇమాం చేత వల మీద ఊదించాడు. పేలు మాత్రం ఊదిన కొద్దీ ఉబ్బాయి. విసుగొచ్చిన అతియాత్ ఒకరోజు చెప్పేసింది:

"మా తమ్ముడు షిహాతా ఫోన్ చేశాడు. అస్వాన్ డ్యాం సరస్సులో చేపకి పేను లేదట. పడవ అమ్మేసి వచ్చెయ్యమంటున్నాడు."

"నా సరస్సు వదిలా?"

"సరస్సు నిన్నెప్పుడో వదిలింది. ఇంకా దాన్ని పట్టుకు వేలాడేది నువ్వే."

"సరస్సు తప్పేం లేదే! పేలు ఇక్కడ పుట్టట్లేదు. లారీ తెస్తోంది. ఇప్పటికీ అవతల లారీ గుమ్మరించినవి మురుగు కాలువ దారిన ఇటు వస్తూనే ఉన్నాయి. లారీ ఆపితే పేలాగుతాయి. రుజువు చేస్తాను!"

రుజువు కోసం మిస్బాహ్ చేసిన పని ఆ రేవులో ఎవరికీ తట్టనిది. తన పడవకి వేసిన నీలం రంగు డబ్బా అడుగున కొంచెం మిగిలింది. చేప మీంచి పీకిన పేనుని రేకు మూతలో పెట్టి, అగ్గిపుల్లతో వీపంతా నిండేలా ఒక నీలం బొట్టు పెట్టి, రంగు ఆరాక నీళ్ళలోకి వదిలేవాడు. ఆ నీలం ఇంకే పడవకీ లేదు. టీ దుకాణంలో అందరి ముందూ బల్ల గుద్ది మరీ చెప్పాడు:

"పేలు ఇక్కడివే అయితే నా నీలం పేను ఎవడో ఒకడి వలలోకి తిరిగి రావాలి. వస్తే, వల్లాహి, దేవుడి మీద ఒట్టు, పడవ అమ్మేసి అస్వాన్ పోతాను. రాకపోతే అతియాత్ ఇంక అస్వాన్ పేరెత్తకూడదు, మీరంతా నాతో కలిసి లారీకి అడ్డం పడుకోవాలి!"

"పేనుకి బొట్టు పెట్టావు, గాజులు కూడా తొడగకపోయావా?" అని నవ్వారు. కానీ అందరూ ఒప్పుకున్నారు. అతియాత్ మరీ త్వరగా ఒప్పుకుంది. ఆవిడ అప్పుడే మనసులో అస్వాన్ ఇంటికి కర్టెన్లు కుడుతోందని మిస్బాహ్‌కి అనుమానం.

ఇప్పటిదాకా నీలం పేను ఎవరికీ కనపడలేదు. మిస్బాహ్ రోజూ కొంచెం పొడుగవుతూ వచ్చాడు. ఈ సరస్సు విడిచి పోనక్కర్లేదన్న మాట అతని నోట్లో ఖర్జూరంలా ఊరుతోంది. ఇక మిగిలింది హాజ్జా బండి రావడం మానకుండా చూసుకోవడం ఒక్కటే.

అందుకే ఆ తొందర. పడవ ఊగిపోతోంది. అతియాత్ తెడ్లేస్తూ రొప్పుతోంది.

"పేలు తియ్యకుండానే పెట్టెలు తీసుకెళ్తావా?"

"టైమేదీ? దొరికినన్ని తీస్తాను!" అంటూ అతను ఒక చేత్తో మొప్పలెత్తి, ఇంకో చేత్తో పీకి, "బిస్మిల్లా, బిస్మిల్లా" అని ఎడాపెడా నీళ్ళలోకి విసురుతున్నాడు. ఆ గొడవలో మోకాలు తగిలి రంగు డబ్బా పల్టీ కొట్టింది. మిగిలిన నీలమంతా అతని గల్లాబియా అంచు తాగేసింది.

"మంచి పని. నీక్కూడా బొట్టు పడింది," అంది అతియాత్.

రేవుకి చేరేసరికి అక్కడ వేలమూ లేదు, వేళా కాలేదు. పడవలన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఒడ్డెక్కాయి. హాజ్జా నఈమా బండి మాత్రం ఉంది. ఆవిడ టీ దుకాణం అరుగు మీద కూర్చుని రొట్టెలో ఉడికించిన చిక్కుడు గింజల ఫూల్ పెట్టుకుని తింటోంది. ఒడ్డు మీద తిరిగే బాతులు, అందులో సగం అతియాత్‌వే, ఆవిడ కాళ్ళ దగ్గర రొట్టె ముక్కల కోసం మెడలు సాచి ఎదురు చూస్తున్నాయి.

"ఏంట్రా ఇది? సరస్సుకి నిప్పంటుకుందా?" అంది హాజ్జా నోటి నిండా రొట్టెతో.

"వేలం వేళన్నారుగా హాజ్జా!"

"ఎవడన్నాడు?"

పక్క పడవ వాడు ఇవతలి పడవ వాణ్ణి చూపించాడు, వాడు ఇంకొకణ్ణి చూపించాడు. వేళ్ళన్నీ తిరిగి తిరిగి మిస్బాహ్ మీద ఆగాయి.

"నేను కాదు, బయూమీ!" అన్నాడు మిస్బాహ్.

"ఏడీ బయూమీ?"

బయూమీ ఇంకా సరస్సు మధ్యనే ఉన్నాడు. అతని పడవ ఎప్పుడూ అంతే, చెమ్మ పట్టిన రొట్టెలా కదులుతుంది.

"సరే, వచ్చారుగా. ఎండలో పెట్టి కుళ్ళబెట్టడం ఎందుకు, చూపించండి," అని హాజ్జా చేతులు దులుపుకుని లేచింది. ఆవిడ నేరుగా అతని పెట్టె దగ్గరికే వచ్చి ఒక బూరీని ఎత్తింది. మొప్ప లేపింది. పేను. ఇంకోటి ఎత్తింది. పేను, పక్కన పేను. మూడోదాన్ని ఎత్తకుండానే పెట్టెని కాలితో వెనక్కి నెట్టింది.

"నీ చేపకి మొప్పలున్నాయా, పేల సత్రాలున్నాయా?"

"హాజ్జా, తొందరలో తియ్యలేకపోయాను! ఇవి మా సరస్సువి కావు హాజ్జా, లారీవి! నేను రుజువు చేస్తున్నానుగా! నీలం బొట్టు పెట్టి వదిలినవి ఒక్కటంటే ఒక్కటి తిరిగి రాలేదు. రోజూ వచ్చేవి కొత్తవి. లారీ ఆపించండి, మీ మాట పైవాళ్ళు వింటారు, ఆపించండి!"

ఈ ఉపన్యాసం రేవుకి నోటికొచ్చు. కొందరు పెదవులు కూడా కలిపారు. అంతలో బయూమీ పడవ ముక్కు రేవు రాళ్ళకి తగిలింది. పడవ ఆగకుండానే బయూమీ మోకాలి లోతు నీళ్ళలోకి దూకి, చేతిలో అదే చేపతో పరిగెత్తుకొచ్చాడు.

"నీకు చెవులున్నాయా బావా, ఆభరణాలా? అంత అరుస్తుంటే పారిపోతావేంటి!"

"నువ్వేగా రమ్మన్నావు!"

"నేనా? నేనెక్కడ రమ్మన్నాను! ఇదిగో, ఇది చూడు!"

బయూమీ చేప మొప్ప ఎత్తాడు.

అక్కడ ఓ మోస్తరు పేను కూర్చుని ఉంది. మరీ పెద్దది కాదు, ఇంకా ఏ చేపలోనూ స్థిరపడని కుర్ర పేను. దాని వీపు ముందు సగం నీలం. వెనక సగం మామూలు రంగు, కొత్తగా మెరుస్తోంది.

రేవంతా చుట్టూ మూగి మెడలు సాచింది. బాతులు కూడా సాచాయి.

మిస్బాహ్ ఆ పేనుని గోటితో పెకలించి అరచేతిలో పెట్టుకున్నాడు. తిప్పి చూశాడు. ఎండకి పెట్టి చూశాడు. "ఇది నాది కాదు. నేను మొత్తం వీపుకి వేశాను. ఇది సగమే ఉంది. ఎవడో కావాలని..."

"రొయ్య కుబుసం విడవదూ?" అంది హాజ్జా. "పీత విడవదూ? ఇదీ అంతే. వెనక సగం విడిచింది, ముందు సగం ఇంకా విడవలేదు. రంగేమో నీదే. కావాలంటే నీ గల్లాబియా అంచు పక్కన పెట్టి చూసుకో."

అతను పెట్టి చూడలేదు. చూడక్కర్లేదు. అంచు తడితడిగా కాలికి తగులుతూనే ఉంది. అరచేతిలో పేను కదిలింది. మిస్బాహ్ దాన్నలా చూస్తూ ఉండగానే కింద నుంచి ఒక బాతు మెడ సాచి, టక్కున ముక్కుతో అందుకుని, ఒక్క గుటకలో మింగేసి, తోక ఆడించింది.

"నా సాక్ష్యం! సాక్ష్యం తినేసింది!" అని మిస్బాహ్ బాతు వెంట రెండడుగులు పరిగెత్తి ఆగిపోయాడు. ఎందుకంటే ఆ సాక్ష్యం తనకి వ్యతిరేకంగా ఉన్నదని అప్పుడు గుర్తొచ్చింది. రేవంతా విరగబడి నవ్వింది.

"అస్వాన్ రైలెప్పుడు మిస్బాహ్?"

"పడవ నాకమ్మెయ్యి, నీలం బాగుంది!"

అతను అతియాత్ వైపు చూడలేదు. ఆవిడ తనని చూస్తోందని వీపుకి తెలుస్తోంది. తిరగని ఆఫీసు లేదు, వెయ్యని వేషం లేదు, చివరికి తన రంగుతో తనే తన మీద ముద్ర వేసుకున్నాడు.

"నవ్వింది చాలు," అంది హాజ్జా. "మిస్బాహ్, ఒకటి చెప్పు. రంగేసినదాన్ని బతికుండగానే ఎందుకు వదిలావు?"

"పడవలో చంపకూడదుగా హాజ్జా. తినేది కాదుగా."

"రంగెయ్యనివో?"

"అవీ వదిలాను. బిస్మిల్లా అని."

హాజ్జా చుట్టూ చూసింది. "మీరు? మీలో పేనుని పడవలో చంపినవాడెవడైనా ఉంటే చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. బయూమీ చెయ్యి సగం లేచింది కానీ అది ముక్కు గోక్కోడానికి.

హాజ్జా మిస్బాహ్ పెట్టెలోంచి పెద్ద పేనొకదాన్ని లాగి, అరచేతిలో వెల్లకిలా పెట్టి, పొట్ట మీద బొటనవేలి గోరుతో నొక్కింది. పొట్ట కింది సంచి విచ్చుకుంది. అందులోంచి నువ్వుగింజల్లాంటి పిల్లలు, తెల్లగా, నల్లటి కళ్ళతో, బిలబిలమంటూ ఆవిడ అరచేయంతా పాకాయి. పుట్టీపుట్టగానే ఈదడానికి నీళ్ళ కోసం వెతుకుతున్నట్టున్నాయి. వెనక వాళ్ళు ముందుకు తోసుకొచ్చి చూశారు.

"ఇలాంటివాటిని రోజూ నీళ్ళలోకి వదిలారు. మీరు పేలు పీకుతున్నామనుకున్నారు. కాదురా నాయనా. పేలకి పురుడు పోశారు."

ముందు వరసలో ఒకడు తన చేతులు గల్లాబియాకి తుడుచుకున్నాడు.

"మరి లారీ?" అన్నాడు మిస్బాహ్. గొంతు పెద్దదే, మాట చిన్నదైపోయింది. "లారీ తేలేదా? నేను చెప్పింది అబద్ధమా?"

"నిజమే. లారీయే తెచ్చింది. లారీ తెచ్చి పోసింది, నువ్వు జోలపాడి పెంచావు."

"ఆ గోడ మీద కాగితంలో పీకమనే రాశారు! పీకాక ఏం చెయ్యాలో రాయలేదు! ఎక్కడ వెయ్యాలో రాయలేదు!" అని మిస్బాహ్ గోడ వైపు చెయ్యి చాచి అరిచాడు. ఇది కూడా నిజమే. కానీ గోడ మీద కాగితాన్ని వాన ఎప్పుడో సగం చింపేసింది. చేతికందని ఆఫీసుని తిట్టి తిట్టి అలసిన మనిషికి, కాళ్ళ దగ్గరున్న తప్పుని తిట్టడం చేతకాలేదు. పెట్టె మీద కూలబడ్డాడు. అతియాత్ వైపు తిరక్కుండానే అన్నాడు:

"సరే. మాటంటే మాటే. మీ తమ్ముడికి ఫోన్ చెయ్యి. పడవ అమ్మేద్దాం."

అతియాత్ హాజ్జా అరచేతిలో పిల్లల్ని చూసింది, తన వేళ్ళ మధ్య ఉన్న కనుబొమ్మల పట్టకారుని చూసింది. ప్రతి మొప్ప దగ్గరా అతనితో పాటు తనూ బిస్మిల్లా అంది కదా.

"అక్కడికెళ్ళి ఏం చేస్తావు?"

"చేపలు పడతాను."

"వాటికెప్పుడైనా పేను పడితే?"

"పీకుతాను."

"పీకి?"

"బిస్మి..." దాకా వచ్చి మిస్బాహ్ నాలిక్కరుచుకున్నాడు.

"ఆ సరస్సునైనా బతకనీ," అంది అతియాత్. "మనం పెంచిన సంతానం ఇక్కడ ఉండగా ఊరొదిలి ఎక్కడికి పోతాం, సిగ్గు లేకుండా? ముందు వీటి సంగతి తేల్చు."

"ఎలా తేల్చను? పడవలో చంపకూడదు!"

"తినని దాన్నేగా చంపకూడనిది?" ఆవిడ కిందికి వంగి, హాజ్జా అరచేతిని మెల్లగా కిందికి వంచింది. బాతులు ఎగబడ్డాయి. నువ్వుగింజలన్నీ లేచిపోయాయి, హాజ్జా వేలు కూడా కాస్త గీరుకుంది. "ఇదిగో, తిన్నాయి. నా బాతులు తినేవాటిని డబ్బాలో ఒడ్డుకి తెస్తే నీ పడవ చెక్కకేం మైల?"

రేవు ఆలోచనలో పడింది. ముసలివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరికీ ఎదురు చెప్పడానికి ఏమీ దొరకలేదు. అదే వాళ్ళకి ఎక్కువ చిరాగ్గా ఉంది. ఇంత చిన్న పనికి ఇన్నాళ్ళు పట్టిందా?

"అయితే వినండి," అంది హాజ్జా వేలు చప్పరిస్తూ. "రేపటినుంచి ప్రతి పడవా చేపల పెట్టెతో పాటు మూత ఉన్న డబ్బాలో పేలు తేవాలి. ముందు డబ్బా చూస్తాను, ఆ తర్వాతే మొప్ప ఎత్తుతాను. డబ్బా ఖాళీగా తెచ్చి చేప శుభ్రంగా ఉందన్నవాడి చేప కొనను. వాడు వదిలేసుంటాడు."

"ఇవాళ్టివి?" అన్నాడు బయూమీ ఆశగా.

"ఇవాళ్టివి మీరే తినండి. వేపుడుకి బాగానే ఉంటాయి, తలకాయలు తీసెయ్యండి. మనిషినేం చెయ్యదు ఈ పేను, నా బేరాన్నే పాడుచేస్తుంది."

ఆవిడ ఖాళీ బండి ఎక్కింది. ఒక్క పెట్టె కూడా ఎక్కలేదు. దుమ్ము లేపుకుంటూ బండి ఖర్జూర తోటల మలుపు తిరిగింది. రేపొస్తుందని నమ్మడానికి ఆవిడ మాట తప్ప వేరే ఏమీ లేదు. సరస్సులో ఉన్న పేలన్నీ పోవడానికి ఎన్ని కాలాలు పడుతుందో ఎవరూ చెప్పలేదు. లారీ మళ్ళీ రాదన్న హామీ అసలే లేదు. అతియాత్ టీ దుకాణం వాణ్ణి మూత ఉన్న ఖాళీ నెయ్యి డబ్బా అడిగి తీసుకుని పడవలో పెట్టింది, అస్వాన్ ఊసెత్తకుండా. మిస్బాహ్ అది చూశాడు. సంతోషించాలో ఏడవాలో తెలియక గడ్డం గోక్కున్నాడు. గడ్డానికి నీలం అంటుకుంది.

అంతలో గుంపు వెనక నుంచి ముసలి పడవ వాడొకడు కర్ర తాటించాడు. "అదంతా బాగుంది గానీ, వల సగంలో వదిలి పరిగెత్తుకొచ్చాను. అసలు వేలం వేళని కూసిందెవడు?"

"ఔను, ఎవడు?" అన్నారు మిగతావాళ్ళు. చేప అమ్ముడుపోని కోపానికి ఒక మనిషి కావాలి.

"నేననలేదు!" అని బయూమీ ఏడుపు మొహం పెట్టాడు. "మా బావ పేను నా వలలో పడింది. అదే అరిచాను."

మిస్బాహ్ నిట్టూర్చి, చేపల పెట్టె మీదికి ఎక్కి నిలబడ్డాడు. తలపాగా రెండు చుట్లూ విప్పి చెవులు బయటపెట్టాడు. చలిగాలికి అవి ఎర్రబడ్డాయి, తాజా చేప మొప్పల్లా.

"అందరూ వినండి! బయూమీ అరిచింది 'నీలం పేలు' అని! నీలం పేలు! నా చెవుల మీద తలపాగా, తలపాగా మీద గాలి. నాకు 'వేలం వేళ' అని వినపడింది. మీకు చెప్పింది నేను. వాడి గొంతు తప్పు కాదు, నా చెవి తప్పు. నీలం పేలు, వేలం వేళ. అర్థమైందా?"

అందరూ తలలూపారు. కొందరు గొణిగారు. కర్ర ముసలివాడు మాత్రం పక్కవాడి వైపు వంగాడు. అతని తలపాగా కూడా చెవుల మీదే ఉంది.

"ఏమంటాడు? మళ్ళీ వేలమా?"

మిస్బాహ్ పెట్టె దిగి, నడిచి వెళ్ళి, ముసలివాడి తలపాగా చుట్టు ఒకటి తన చేత్తోనే పైకి లేపి, ఆ చెవిలో మొదటినుంచీ మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు.